ఆమోదం పొందిన ఎద

మంత్రిగారి సభ చెడిపోయిన రోజు బిజిలికి ఎదలో ఎనిమిదో రోజు. ఆ సంగతి హెడ్ కానిస్టేబుల్ ఓదేలుకు తెలుసు. పొద్దున ఆరింటికే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ విద్యాసాగర్‌కు చెప్పాడు కూడా.

"సార్, బిజిలి ఎదల ఉన్నది. ఇయ్యాల మగకుక్కల నడుమకు దాన్ని తీసుకపోవద్దు."

"అయితే మంత్రిగారి కార్యక్రమం వాయిదా వెయ్యమందామా?" అన్నాడు ఆర్ఐ.

ఓదేలు బిజిలిని జీపు ఎక్కించాడు.

బిజిలి నల్ల ల్యాబ్రడార్. పేలుడు పదార్థాల వాసన పట్టడం దాని ఉద్యోగం. నాలుగు నెలల పిల్లగా వచ్చినప్పటి నుంచి ఆరేళ్లుగా ఓదేలే దాని హ్యాండ్లర్. ఈ పనిలో ఉన్న కుక్కలకు వాసన తగిలితే మొరగవు, కాలితో గోకవు. ఉన్నచోట కూర్చుంటాయి. శిక్షణలో అది మొదటి పాఠం.

ఆ రోజు పక్క జిల్లా నుంచి టైగర్ అనే మగకుక్కను కూడా పిలిపించారు. అది వేదిక మెట్లు చూసింది. పూలకుండీల దగ్గరికి వెళ్లబోయి ఆగింది. అటు నుంచి నేరుగా బిజిలి వెనక్కి వెళ్లి కూర్చుంది. గొలుసు లాగినా లేవలేదు.

కుక్క కూర్చున్నచోట పేలుడు పదార్థం ఉన్నట్టే లెక్క. బాంబుల బృందం బిజిలి చుట్టూ ఇసుక బస్తాలు పేర్చింది. జనాన్ని రెండు వందల మీటర్ల దూరం తోశారు. మంత్రిగారు దారిలోంచే వెనక్కి తిరిగారు. బిజిలిలో పేలేది ఏదీ లేదని మూడు గంటల తర్వాత బృందం రాసిచ్చింది. ఆ మూడు గంటలూ ఓదేలు బస్తాల లోపలే, బిజిలి గొలుసు పట్టుకుని కూర్చున్నాడు. అతన్ని బయటికి రమ్మని ఎవరూ అనలేదు.

విచారణకు సంఘం వేశారు. టైగర్ శిక్షణలో లోపం లేదని, ముందస్తు సమాచారం లేకుండా బిజిలి ఎదకు రావడమే సంఘటనకు మూలమని సంఘం తేల్చింది. నెల తిరక్కుండా ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. ఆర్ఐ దాన్ని పరేడ్‌లో చదివాడు.

"ఇకమీదట ఆడ జాగిలములు తమ ఇచ్చ వచ్చిన దినములలో కాక, ప్రధాన కార్యాలయము ఆమోదించిన వార్షిక ప్రణాళికకు లోబడి మాత్రమే ఎదకు రావలెను. మగ జాగిలములు ఆమోదిత దినములకు వెలుపల ఎటువంటి ఆసక్తిని కనబరచరాదు. ప్రణాళికను ఉల్లంఘించిన జాగిలమును క్రమశిక్షణ లేనిదిగా పరిగణించి, జాబితా నుండి తొలగించి, వేలము వేయవలెను."

ఓదేలు చివరి వాక్యం మళ్లీ చదవమన్నాడు. ఆర్ఐ చదివాడు. మొదటిసారి విన్నట్టే ఉంది.

సర్క్యులర్‌తో పాటు ఒక ఫారం వచ్చింది. జాగిలం పేరు, వయసు, రంగు, రాబోయే ఎద ప్రారంభ తేదీ, వేళ. ఓదేలు దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. బిజిలి తొమ్మిదో నెలలో మొదటిసారి ఎదకు వచ్చిన దగ్గర నుంచి ప్రతిసారీ తేదీ రాసుకున్నాడు. ఒకసారికీ మరోసారికీ మధ్య ఒకప్పుడు ఆరు నెలల పదకొండు రోజులు పట్టింది. ఒకప్పుడు ఏడు నెలల పద్దెనిమిది రోజులు పట్టింది. ఏ రెండూ ఒకటిగా లేవు. కిందటిసారి మొదలైంది మార్చి తొమ్మిదిన. వేళ్ల మీద లెక్కపెట్టి, 'సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 27 లోపల' అని ఫారంలో రాశాడు.

"ఇది తేదీయా, బడి సెలవులా?" అన్నాడు ఆర్ఐ.

"అంతకన్నా దగ్గరికి చెప్పరాదు సార్. ముందుగాల తెలుస్తది, అయితే రెండు మూడు రోజుల ముందుగాల. నడిపించేటప్పుడు అడుగడుగునా ఆగి ఉచ్చ పోస్తది. వెనుక నాక్కుంటది. వాపు వస్తది. తర్వాత తొమ్మిది రోజులు అటో ఇటో రక్తం పడుతది. అప్పుడు మగకుక్క దగ్గరికొస్తే కరుస్తది. రక్తం పలచబడి, మాంసం కడిగిన నీళ్ల లెక్క అయినంక, తోక పక్కకు పెడుతది. అసలు రోజులు అవి. అవి ఇంకో తొమ్మిది."

"ఇవన్నీ రాయడానికి ఫారంలో గడి ఏది?"

"లేదు సార్."

"లేనప్పుడు అది విషయం కాదు. ఒక్క తేదీ రాయి."

"కుక్క కడుపుల క్యాలెండర్ ఉండదు సార్."

"ఉండదని ఎవరు పరీక్ష చేసిన్రు?" అన్నాడు ఆర్ఐ. ఆయన మామూలుగానే అడిగాడు.

ఓదేలు ఫారం పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టర్ సబీహా ఫారం రెండు వైపులా చూసింది.

"అన్నా, కుక్కను తీసుకొస్తే, దూదిపుల్లతో తీసి గాజుపలక మీద రుద్ది చూసి, ఇయ్యాల ఏ దశల ఉన్నదో చెప్తా. రక్తం పరీక్ష చేస్తే ఇంకో రెండు మూడు రోజుల ముచ్చట చెప్తా. ఆరు నెలల అవతల తేదీ, అందులో పొద్దుననా మాపుననా అంటే, అది నేను చదివిన చదువుల లేదు."

"మరి ఏం జెయ్యాలె మేడం?"

"ఆపరేషన్ చేయిస్తే అయిపోతది. గంట పని. ఎదా ఉండదు, ఫారమూ ఉండదు."

ఓదేలు ఆ మాట ఆర్ఐకి చేరవేశాడు. ఆర్ఐ కుర్చీలో వెనక్కి వాలాడు.

"జాగిలం ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తిలోంచి ఏదైనా భాగం తీసెయ్యాలంటే, ఆ భాగం పనికిరాకుండా పోయిందని ముందు సర్వే రిపోర్టు కావాలె. పోయిందా?"

"పోలేదు సార్. బాగనే ఉన్నది."

"బాగున్నదాన్ని తీసేస్తే ఆడిట్‌కు ఎవరు జవాబు చెప్పాలె?"

చివరికి ఓదేలు నోటుబుక్కులోని రోజులన్నీ కలిపి సగటు తీసి, 'అక్టోబరు 8, ఉదయం' అని రాసి ఇచ్చాడు. ప్రధాన కార్యాలయం నుంచి నెల రోజులకు జవాబు వచ్చింది. అక్టోబరులో దసరా బందోబస్తు ఉన్నందున ప్రతిపాదనను అంగీకరించలేకపోతున్నామని అందులో ఉంది. పరిపాలనా సౌలభ్యం కోసం రాష్ట్రంలోని ఆడ జాగిలాలను రెండు బ్యాచులుగా విడదీశారు. ఎ-బ్యాచ్ జూన్ 15న ఎదకు రావాలి. బి-బ్యాచ్ నవంబరు 7న రావాలి. రెండిటికీ వేళ ఉదయం పది గంటలు. బిజిలి బి-బ్యాచ్.

ఉత్తర్వును సంబంధిత జాగిలానికి చదివి వినిపించి, రసీదు పంపాలని చివర రాసి ఉంది. ఆర్ఐ కెన్నెల్ ముందు నిలబడి చదివాడు. బిజిలి మధ్యలో ఒకసారి ఆవలించింది. ఓదేలు దాని ముందుకాలు స్టాంపు ప్యాడ్ మీద అద్ది కాగితం మీద వేశాడు. ముద్ర సరిగా పడలేదని ఆర్ఐ మళ్లీ వేయించాడు.

జూన్‌లో ఎ-బ్యాచ్ ఫలితాలు వచ్చాయి. ఒక జిల్లాలో రూబీ అనే కుక్క జూన్ రెండునే ఎదకు వచ్చింది. దాని హ్యాండ్లర్ ఉన్నది ఉన్నట్టు రాశాడు. రూబీని వేలం వేశారు. కోళ్ల ఫారం వాళ్లు తీసుకుపోయారు. మిగిలిన కుక్కలన్నీ జూన్ 15నే వచ్చినట్టు హ్యాండ్లర్లు రాశారు. ఆ ఫలితాల కాగితాన్ని ఓదేలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అక్టోబరు 3 పొద్దున బిజిలి నడకకు వెళ్లి, మైదానం దాటేలోపల ఏడుసార్లు ఆగింది. తిరిగి వచ్చాక కెన్నెల్ గచ్చు మీద రెండు చుక్కలు కనిపించాయి. ఓదేలు గచ్చు కడిగాడు. ఇంటికి వెళ్లి భార్య సరోజనకు చెప్పాడు.

"ఎవ్వరికన్న చెప్పినవా?" అంది ఆమె.

"ఇంక చెప్పలేదు. చెప్పాలె గదా. రూల్ ఉన్నది."

"ఊకోవయ్యా. చిన్నది పుట్టేటప్పుడు పెద్దాసుపత్రోళ్లు ఇచ్చిన తారీఖు మీద పన్నెండు రోజులు ఆగింది. దాన్ని వేలం ఏసినమా?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు? చెప్పు పో మరి. చెప్పి కోళ్ల ఫారంల కావలి పెట్టు దాన్ని. నువ్వు గూడ పో, గుడ్లు ఏరుదువు."

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఓదేలు రికార్డులో ఎన్నడూ అబద్ధం రాయలేదు. ఆ రోజు కూడా రాయలేదు. ఏమీ రాయలేదు.

అలా ఇరవై రెండు రోజులు గడపాలి. మగకుక్కలు లేని డ్యూటీలు అడిగి వేయించుకున్నాడు. రైల్వే పార్సిల్ ఆఫీసుకు వెళ్లాడు, గోడౌన్లకు వెళ్లాడు. దసరా ముందు రోజు మాత్రం బస్టాండ్ డ్యూటీ తప్పలేదు. పని ముగించుకుని వచ్చేసరికి జీపు వెనకాల పదకొండు ఊరకుక్కలు వరసగా పరుగెత్తుకుంటూ వచ్చి, యూనిట్ గేటు ముందు ఆగిపోయాయి. ఆర్ఐ వరండాలోకి వచ్చాడు.

"ఇవేంది ఓదేలూ?"

"బస్టాండ్ కాంచి వస్తున్నయి సార్. మన బండి ఎంబడి పడ్డయి."

"ఎందుకు?"

"పండుగ గదా సార్."

ఆర్ఐ కుక్కల వంక చూశాడు. బిజిలి వంక చూశాడు. గోడకున్న క్యాలెండర్ వంక చూశాడు. "నవంబరు ఏడుకు ఇంక చాన రోజులున్నయి," అని లోపలికి వెళ్లిపోయాడు. క్యాలెండర్ అట్లా చెప్పాక ఆయనకు అనుమానం మిగల్లేదు.

అక్టోబరు 24తో అన్నీ సర్దుకున్నాయి. బిజిలి మామూలు మనిషయింది.

నవంబరు 7న పొద్దున తొమ్మిదిన్నరకు పరిశీలక సంఘం కారు దిగింది. అధ్యక్షుడు ఒక డీఎస్పీ. కెన్నెల్ ముందు షామియానా వేశారు, బల్ల మీద గుడ్డ పరిచి గోడగడియారం పెట్టారు. పది కావడానికి రెండు నిమిషాలు ఉండగా అందరూ లేచి నిలబడ్డారు. బిజిలి నీళ్ల తొట్టి పక్కన పడుకుని ఉంది.

గడియారం పది చూపించింది.

"ప్రారంభమైనదా?" అన్నాడు డీఎస్పీ.

ఓదేలు గొంతు సవరించుకున్నాడు. "అయింది సార్."

"నిర్ధారణ?"

సంఘంలోని ముగ్గురు ఒకరినొకరు చూసుకున్నారు. వెళ్లి చూడాల్సిన చోటును చూడడానికి ఎవరూ ముందుకు రాలేదు. మిగతా జిల్లాల్లో హ్యాండ్లర్ మాటే నిర్ధారణ అని రాసుకున్నారని ఒకాయన గుర్తు చేశాడు. డీఎస్పీ ఒప్పుకోలేదు. పశువుల డాక్టరును పిలిపించమన్నాడు.

సబీహా మైక్రోస్కోపు పెట్టెతో వచ్చింది. దూదిపుల్లతో తీసింది, గాజుపలక మీద రుద్దింది, రంగు వేసింది, చూసింది. చాలాసేపు చూసింది. తలెత్తి ఓదేలు వంక చూసింది. ఓదేలు బిజిలి మెడ మీద చెయ్యి వేసి నేల చూస్తున్నాడు.

"డాక్టరుగారూ, ఈ జాగిలం ఎదకు వచ్చినదా, రాలేదా? ఒక్క ముక్కలో చెప్పండి," అన్నాడు డీఎస్పీ.

"వచ్చింది," అంది సబీహా.

ఎప్పుడు వచ్చిందని ఎవరూ అడగలేదు. పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలకు ఆమె సంతకం చేసింది. పెట్టె సర్దుకుని వెళుతూ ఓదేలు పక్కన ఆగింది.

"పదిహేను రోజుల కింద అయిపోయింది గదన్నా?"

"అవును మేడం."

"ఇంకోసారి నన్ను పిలిపించకుండ్రి," అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఓదేలు ఇంటికి కిలో మటన్ పట్టుకుపోయాడు. బిజిలి దక్కింది.

వారం రోజులకు వచ్చిన ఉత్తర్వుతో ఆ మటన్ రుచి పోయింది. బి-బ్యాచ్‌లోని ఇరవై ఒక్క కుక్కలూ నవంబరు 7నే వచ్చినట్టు నివేదికలు అందాయి. అయితే డాక్టరు సంతకంతో నిర్ధారణ అయింది బిజిలి ఒక్కటే. సమయపాలన రక్తంలో ఉంటుందని, అది పిల్లలకు సంక్రమిస్తుందని ప్రధాన కార్యాలయం అభిప్రాయపడింది. బిజిలిని వెంటనే రాష్ట్ర జాగిల సంతానోత్పత్తి కేంద్రానికి శాశ్వతంగా బదిలీ చేశారు. హ్యాండ్లర్‌కు ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఓదేలు ప్రశంసాపత్రం పట్టుకుని ఆర్ఐ గదిలోకి వెళ్లాడు.

"సార్, నేను తప్పు చెప్పిన. అది అక్టోబరు మూడుననే ఎదకు వచ్చింది. నవంబరు ఏడున ఏం లేదు. ఇగో, నా నోటుబుక్కుల ఉన్నది."

ఆర్ఐ నోటుబుక్కు ముట్టుకోలేదు.

"ఓదేలూ, నువ్వు దానిమీద మమకారంతో మాట్లాడుతున్నవు. నువ్వు సంతకం పెట్టినవు. డాక్టర్ పెట్టింది. డీఎస్పీ పెట్టిండు. కుక్క గూడ ముందే ముద్ర వేసింది. ఇంతమంది చెప్పింది అబద్ధం, నీ నోటుబుక్కు నిజమా?"

"నిజం సార్."

"మరి అప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వేలం ఏస్తరు గద సార్."

"చూసినవా? నీ నోటితోనే అంటున్నవు. అది క్రమశిక్షణ గల జాగిలం కాబట్టే వేలం వెయ్యలేదు."

మరునాడు వ్యాను వచ్చింది. బిజిలి ఎప్పటిలాగే ముందుసీటు దగ్గరికి వెళ్లి ఓదేలు ఎక్కడం కోసం నిలబడింది. డ్రైవరు దాన్ని వెనక ఎక్కించాడు.

కేంద్రం ఇన్‌చార్జి రంగాచారి పట్టిక ప్రకారం నడిచే మనిషి. ఎద మొదలైన పన్నెండో రోజు జత కలపాలని పట్టికలో ఉంది. నవంబరు 18న సుల్తాన్ అనే మగకుక్కను లోపలికి వదిలారు. బిజిలి దాని చెవి కొరికింది. 'కార్యక్రమం ముగిసినది' అని రిజిస్టరులో రాశారు. సుల్తాన్ చెవికి రెండు కుట్లు వేశారు.

డిసెంబరు రెండో వారంలో బిజిలి రంగాచారి కాన్వాసు బూటు ఒకటి ఎత్తుకుపోయి, మూలకు పెట్టుకుని, దాని చుట్టూ ముడుచుకుని పడుకుంది. దగ్గరికి వెళితే గుర్రుమంది. పొట్ట లావెక్కింది, పాలు కూడా వచ్చాయి. రంగాచారి ఒంటి బూటుతోనే ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేశాడు. సంగతి తెలిసి ఓదేలు ఆసుపత్రికి పరుగెత్తాడు.

"కడుపు కాదన్నా," అంది సబీహా. "ఎద అయిపోయిన రెండు నెలలకు, పిల్లలు లేకున్నా కొన్నిటికి గిట్లయితది. ఒళ్లు అట్ల అనుకుంటది. నెల రోజులల్ల తగ్గిపోతది. బూటు మాత్రం గుంజుకోవద్దని చెప్పు."

ఆ మాట చెప్పడానికి ఓదేలు కేంద్రానికి ఫోన్ చేశాడు. మాజీ హ్యాండ్లర్‌తో మాట్లాడే నిబంధన లేదన్నారు.

కాన్పు జనవరి 20న జరగాలి. ఆలోపలే ప్రధాన కార్యాలయం నాలుగు పిల్లలను మంజూరు చేసింది. రెండు మగవి, రెండు ఆడవి. వాటికి నంబర్లు ఇచ్చి, శౌర్య, ధీర, నియతి, సమయ అని పేర్లు పెట్టింది. అక్కడి పెద్ద అధికారి ఒకరు ఆ సంగతి ఒక సభలో ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నారు.

జనవరి 20 వచ్చింది, పోయింది. బిజిలి పొట్ట ఎప్పుడో లోపలికి పోయింది. బూటు సంగతి అది మర్చిపోయింది. రంగాచారి రెండు రోజులు అన్నం తినలేదు. పిల్లలు పుట్టలేదని రాస్తే జత కలవలేదని రాయాలి. జత కలవలేదంటే ఎద లేదని రాయాలి. అది రాయాలంటే నవంబరు 7 నాటి సంఘం మీద రాయాలి. మూడో రోజు ఆయనకు దారి దొరికింది. 'తల్లిని, నాలుగు పిల్లలను పెంపకం నిమిత్తం మాతృ యూనిట్‌కు అప్పగించడమైనది' అని రాసి, ఓదేలును రమ్మని కబురు పెట్టాడు.

ఓదేలు జీపు వేసుకుని నాలుగు గంటల్లో వెళ్లాడు. బిజిలి గేటు దగ్గరే అతని వాసన పట్టింది. చుట్టూ మూడుసార్లు తిరిగి అతని బూట్ల మీద కూర్చుంది. రంగాచారి రిజిస్టరు తెరిచాడు.

"ఐదు జాగిలాలు. ఇక్కడ సంతకం పెట్టు."

ఓదేలు గదంతా చూశాడు. "ఒకటే ఉన్నది గద సార్."

"ఐదింటికి సంతకం పెడితేనే ఆ ఒకటి పోతది."

ఓదేలు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. "మా దగ్గర ఎవలన్న వచ్చి చూస్తే?"

"ఇన్ని నెలలల్ల ఎవరన్న చూసిన్రా?" అన్నాడు రంగాచారి.

బిజిలి లేచి జీపు వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసింది. ఓదేలు ఐదు చోట్ల సంతకం పెట్టాడు.

పిల్లల కోసం నాలుగు కెన్నెళ్లు కట్టారు. తలుపుల మీద పేర్లు రాయించారు. ఆర్ఐ నెలకోసారి తనిఖీకి వచ్చేవాడు. తలుపు సందులోంచి తొంగిచూసి, "శుభ్రంగ ఉంచినవు. మొరుగుడు గూడ లేదు," అని రిజిస్టరులో 'సంతృప్తికరం' అని రాసి వెళ్లేవాడు.

ఆ ఏడు బిజిలిని ఎ-బ్యాచ్‌లో వేశారు. అది మే 11నే ఎదకు వచ్చింది. ఓదేలు పార్సిల్ ఆఫీసులో డ్యూటీ వేయించుకుని, ఫారంలో జూన్ 15 అని రాశాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. అయినా ఆర్ఐ వేళ దగ్గర పట్టుకున్నాడు. పది గంటలకు బదులు పదీ ఇరవై అని ఉంది. మొదటి తప్పని బిజిలిని హెచ్చరించి వదిలాడు.

అక్టోబరులో నియతి, సమయలకు తొమ్మిది నెలలు నిండాయి. రెండిటికీ మొదటి ఎదకు నవంబరు 7 ఆమోదం వచ్చింది. ఆ రోజు పది గంటలకు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా, రెండూ ఎదకు వచ్చాయి. రాష్ట్రంలోని మగకుక్కల్లో ఒక్కటి కూడా ఎటువంటి ఆసక్తీ కనబరచలేదు. సర్క్యులర్‌లోని ప్రతి అక్షరం అమలైన మొదటి సందర్భం అదేనని ప్రధాన కార్యాలయం మెచ్చుకుంది.

ఆర్ఐ ఆ లేఖ పట్టుకుని స్వయంగా కెన్నెళ్ల దగ్గరికి వచ్చాడు. నియతి తలుపు ముందు కాసేపు, సమయ తలుపు ముందు కాసేపు నిలబడ్డాడు. ఆ పక్కన ఓదేలు బిజిలికి దువ్వెన పెడుతున్నాడు.

"చూసినవా ఓదేలూ, పిల్లలు ఎట్ల ఉన్నయో? ఆ తల్లికి చెప్పు, ఇకనన్నా వాటిని చూసి నేర్చుకొమ్మని."

"చెప్త సార్," అన్నాడు ఓదేలు.